నలభై మూడో డబ్బా

కాజీపేట యార్డుల నాది నంబర్లు రాసుకునే కొలువు.
రామగుండం దిక్కునుంచి బొగ్గు రేక్ వచ్చి ఆగితే
ఒక చేతిల టార్చి, ఒక చేతిల అట్ట,
ఇంజను కాడికెల్లి గార్డు డబ్బా దాకా
కంకర మీద కాళ్లు మడతపడుకుంట నడుస్త.
యాభై ఎనిమిది డబ్బాలు, ఒక్కోదానికి పదకొండంకెలు.
రాసుడే నా పని. చదువుడు కాదు.

అయినా సుబేదారి కాలేజీల మూడేండ్లు లెక్కలు చేసిన చెయ్యి
ఊకుంటదా?
యాక్సిల్ వేడెక్కిందని నలభై మూడో డబ్బాను కోసి
సిక్ లైన్ల పెట్టిన రాత్రి
దాని ముంగట కూసొని
కుడిదిక్కునుంచి జతలు కట్టిన:
1 09 68 16 34 41.
జతలేని ఒకటి ముందట, ఇంజను లెక్క.

వర్గమూలం తీసుడు ఎల్కతుర్తి బడిల
వీరస్వామి సారు బెత్తంతోని నేర్పిండు.
దింపు, రెట్టింపు చెయ్, పక్కన ఒకటి ఊహించు, గుణించు, తీసెయ్.
ఎప్పుడైనా ఎంతో కొంత మిగులుతది,
మిగిలినదాన్ని చూసి మర్చిపోవుడు అలవాటు.
ఆ రాత్రి ఆఖరు మెట్టు మీద
రెండు లక్షల తొమ్మిది వేల నాలుగు వందల నలభై తొమ్మిదిని
తొమ్మిదితోని గుణిస్తే
పైన ఎంతున్నదో కింద అంతే వచ్చింది.
శేషం లేదు.
లక్షా నాలుగు వేల ఏడు వందల ఇరవై తొమ్మిది
తనను తానే గుణించుకొని
బొగ్గు మోసుకుంట నా దగ్గరికి వచ్చింది.

ఆ మూలం ఇంకా పగులుతదేమోనని
మూడు నైట్ డ్యూటీలు కొట్టి చూసిన.
రెండు మొదలు మూడు వందల పదిహేడు దాకా
అరవై ఆరు ప్రధాన సంఖ్యలు, అరవై ఆరు సుత్తెదెబ్బలు.
ఏడుతోని రెండు మిగిలె.
పదమూడుతోని ఒకటి. పంతొమ్మిదితోని ఒకటి.
యాభై మూడుతోని మల్ల ఒకటే.
ఆ ఒకటి మీద నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.
పగల్లే.

పదకొండంకెల సంఖ్యకు భాజకాలు మూడే:
ఒకటి, తను, నడుమ ఆ మూలం.
నడిమి తలుపు తెరిస్తే లోపల మల్ల అదే తలుపు.
పాయింట్స్‌మన్ చంద్రమౌళికి చెప్తే
"దానికేమన్న అలవెన్సు ఇస్తరా?" అన్నడు.

నాలుగోనాడు కంప్యూటరు ఆ నంబరును పట్టనన్నది.
ఆఖరంకె కాపలా అంకె,
మిగతా పదింటి తరఫున సాక్ష్యం చెప్పుడు దాని పని.
సరిస్థానాలు కూడితే పద్నాలుగు, మూడింతలు చేస్తే నలభై రెండు.
బేసిస్థానాలు ఇరవై ఎనిమిది.
మొత్తం డెబ్బై. పదులు నిండినయ్,
ఇగ కలపాల్సింది సున్న.
డబ్బా మీదున్నది ఒకటి.

పెయింటరు యాకయ్య గోరుతోని గీకి చూసిండు.
"ఇది ఒకటి కాదన్నా, సున్ననే.
కుడి చెక్క తుప్పుకు రాలిపోయింది,
ఎడమ గీత మీద ఎవడో చూడకుంట రంగేసిండు."
కుంచె ముంచి ఒక్క వంపు తిప్పిండు.
అయిపోయె.

ఒకటి పోయిందో లేదో
నా మూలానికి ముందింటోడు, వెనకింటోడు
104728, 104730
ఇద్దరూ చేతులు కలిపిన్రు. వాళ్ల లబ్ధమే ఈ కొత్త నంబరు.
వాళ్లింట్ల పదమూడున్నది, పంతొమ్మిదున్నది, యాభై మూడున్నది,
నాకు ఒక్కొక్కటి మిగిల్చి పంపినోళ్లంతా
ఈడనే కూసున్నరు.
మూడు భాజకాలున్న తావుల
మూడు వందల ఇరవై,
జాతరనాటి మేడారం తొవ్వ లెక్క.

అసలు నంబరు ఇదే. డబ్బా పుట్టిన ఎనభై ఒకటి నుంచీ ఇదే.
మూడు రాత్రులు నేను దాసుకున్నది
తుప్పు రాసిన అంకెను.

రిజిస్టరుల సున్న రాసిన.
ఖాళీ డబ్బా బల్లార్ష దిక్కు కదులుతుంటే
టార్చి కొట్టి చూసిన:
కుడి వంపు తడిగ మెరుస్తున్నది.
ఎడమ గీత పాతది, కొంచెం మందం,
నిటారుగ అట్లనే ఉన్నది.

"బీడీ ఉన్నదా?" అన్నడు యాకయ్య.